వయోలా డెస్మండు చరిత్రము: అఱువదిమూడేండ్లకు తొలగిన కళంకము

మన సంఘ వార్షిక మహాసభలు జరుగునపుడెల్ల, తమ జనుల ఉన్నతికై పాటుపడిన వారి చరిత్రములను ఇట్టి సంచికలయందు ప్రకటించుట ఆచారమై యున్నది. ఈ మాఱు సముద్రముల కావలనున్న కెనడా దేశమున జీవించిన ఒక స్త్రీ చరిత్రమును మీ ముందుంచుచున్నాను. ఆమె మన దేశమున పుట్టినది కాదు. మన భాష నెఱిగినది కాదు. ఐనను ఆమె తండ్రి కొంతకాలము క్షౌరవృత్తి నవలంబించినవాడు. ఆమె భర్త క్షౌరశాల నడపినవాడు. ఆమెయో శిరోజాలంకరణమునే జీవనోపాధిగా గైకొని, ఆ విద్యను నేర్పుట కొక పాఠశాలను సైతము నెలకొల్పినది. కత్తెరను దువ్వెనను నమ్ముకొని బ్రతుకు మన కుటుంబములకు ఆమె పరాయిది కానేరదు.

ఆమెపై ఒక న్యాయస్థానము నేరము స్థాపించి శిక్ష విధించెను. ఆ నేరము విలువ ఒక్క సెంటు. అనగా డాలరులో నూఱవ వంతు. ఆ ఒక్క సెంటు తీర్పును ప్రభుత్వపు దస్తరమునుండి తొలగించుటకు అఱువదిమూడేండ్లు పట్టెను. అప్పటి కామె కన్నుమూసి నలువదియైదేండ్లు గడచిపోయినవి. ఈ కథ ఎట్లు నడచెనో, ఆ తొలగించుట యనునది ఏ విధమైనదో మనవారు తెలిసికొనదగియున్నది.

జననము - కాలస్థితి

కెనడా తూర్పుతీరమున నోవా స్కోషియా యను రాష్ట్రము కలదు. దానికి రాజధాని హాలిఫాక్సు నగరము. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ముగిసిన 1783 ప్రాంతమున, బ్రిటిషువారి పక్షము వహించిన నల్లజాతివారనేకులు స్వేచ్ఛయు భూమియు లభించునను ఆశతో ఆ రాష్ట్రమునకు వలసవచ్చిరి. స్వేచ్ఛ లభించెను గాని సమానగౌరవము లభింపలేదు. చవుడు భూములును, వేఱు బడులును, వేఱు పేటలును వారి పాలికి వచ్చినవి.

ఆ హాలిఫాక్సు నగరమున 1914 వ సంవత్సరము జూలై 6 వ తేదీని వయోలా జన్మించెను. తండ్రి జేమ్సు ఆల్బర్టు డేవిసు నల్లజాతివాడు. తల్లి గ్వెండొలిన్ ఐరీను తెల్లజాతి స్త్రీ, ఒక మతబోధకుని కుమార్తె. ఆ దినములలో నిట్టి వివాహములు మిక్కిలి యరుదు. వారిది పెద్ద సంసారము. కష్టించి పనిచేయుటయు, శుభ్రముగా నుండుటయు, మర్యాద తప్పకుండుటయు ఆ యింటి నియమములు.

అప్పటి న్యాయస్థితి యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమునందు నల్లవారిని తెల్లవారినుండి వేఱుపఱచు శాసనములు గలవు. నోవా స్కోషియాలో సినిమాశాలలకు అట్టి శాసనము లేదు. కాని అట్లు వేఱుపఱచుటను నిషేధించు శాసనమును లేదు. పైపెచ్చు, మాంట్రియల్ నగరమున నొక మద్యశాలవారు నల్లజాతివానికి పానీయ మమ్మ నిరాకరించిన వ్యాజ్యెమున, వర్తకుడు తన కిష్టమైనవారితోనే వ్యాపారము చేసికొనవచ్చునని కెనడా అత్యున్నత న్యాయస్థానము 1939 లో తీర్మానించియుండెను. కావున అవమానము వ్రాతలో లేదు, వాడుకలో నుండెను. వ్రాతలో లేని దానిని వ్రాతతో నెదుర్కొనుట ఎంత కష్టమో ముందు తెలియగలదు.

విద్యాభ్యాసము

వయోలా చదువులో చుఱుకైనది. బడి చదువు ముగించి, నల్లజాతి పిల్లలకై వేఱుగా నుండిన పాఠశాలలలో కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసెను. కాని ఆమె మనస్సు వేఱొక విద్యపై నుండెను. స్త్రీల శిరోజములను తీర్చుట, చర్మసంరక్షణము, అలంకారలేపనముల తయారీ అను ఈ విద్య ఆ కాలమున అమెరికాలో వృద్ధిపొందుచుండెను. నల్లజాతి స్త్రీల జుట్టు తీరు వేఱు. దానికి వలయు నూనెలు, పనిముట్లు, నేర్పు వేఱు. తెల్లవారి సౌందర్యశాలలు వారిని చేర్చుకొనవు. చేర్చుకొన్నను ఆ పని వారికి తెలియదు. ఇందు గొప్ప కొఱతయు, అందుచేతనే గొప్ప అవకాశమును గలవని వయోలా గుర్తించెను.

ఐతే హాలిఫాక్సు నందలి శిక్షణాలయములు నల్లజాతి స్త్రీలను చేర్చుకొనుటకు నిరాకరించెను. ఆమె నిరుత్సాహపడక, ఉపాధ్యాయినిగా సంపాదించిన జీతము కూడబెట్టుకొని మాంట్రియల్ నగరమునకు పోయి 1936 లో ఫీల్డు సౌందర్యవిద్యాలయమున చేరెను. పిమ్మట అమెరికాలోని అట్లాంటిక్ సిటీకి పోయి, సారా స్పెన్సరు వాషింగ్టను అను నల్లజాతి వనిత స్థాపించిన ఏపెక్సు కళాశాలలో ఉన్నతశిక్షణ పొందెను. న్యూయార్కులో సవరముల పని నేర్చెను. ఇంటికి దూరముగా, పరదేశమున, స్వార్జితముతో నేర్చిన విద్య యది.

వృత్తిప్రతిష్ఠ

1936 లోనే ఆమె జాక్ డెస్మండును వివాహమాడెను. అతడు హాలిఫాక్సులోని గాటింజెను వీధియందు క్షౌరశాల నడపుచుండెను. మఱుసటి సంవత్సరము, అనగా 1937 లో, వయోలా అదే వీధిలో స్త్రీలకై సౌందర్యశాలను తెఱచెను. భర్త పురుషుల క్షౌరశాల, భార్య స్త్రీల అలంకారశాల ఒకే వీధిలో నడచుట మనవారికి ముచ్చట గొలుపును.

ఆమె శాల శీఘ్రకాలములోనే పేరుపొందెను. సుప్రసిద్ధ గాయని పోర్షియా వైటు కూడ ఆమెచేత శిరోజములు తీర్పించుకొనెడిది. ఆదివారపు ప్రార్థనలకు, పెండ్లిండ్లకు, పాటకచ్చేరీలకు పోవు స్త్రీలు అచట కూడుచుండిరి. మన వృత్తిశాలలు ఊరి సంగతులకు కూడలి స్థలములైనట్లే, ఆ శాలయు నల్లజాతి స్త్రీలకు మంచిచెడ్డలు చెప్పుకొను చోటయ్యెను.

అంతటితో ఆమె తృప్తి చెందలేదు. తనవలె ఎవరును ఇల్లు విడిచి పరదేశము పోవలసిన అవసరము లేకుండ, డెస్మండు సౌందర్యవిద్యాలయమను పాఠశాలను స్థాపించెను. నోవా స్కోషియానుండియేగాక న్యూబ్రన్స్‌విక్కు, క్విబెక్కు రాష్ట్రములనుండియు బాలికలు వచ్చి చేరిరి. నర్సుల శిక్షణాలయములు సైతము నల్లజాతి బాలికలకు తలుపులు మూసియుంచిన కాలమది. అట్టి కాలమున ఒక బాలికకు చేతిలో విద్యయు, సొంత అంగడి పెట్టుకొను ధైర్యమును ఇచ్చుట సామాన్యమైన మేలు కాదు. తన పేర పౌడర్లు, లేపనములు, కేశతైలములు తయారుచేయించి, తానే కారు నడపుకొనుచు ఊరూరను అమ్మెడిది. ఆ అమ్మకపు ప్రయాణములలో నొకటియే ఆమె జీవితమును మార్చివేసెను.

న్యూగ్లాస్గో సంఘటనము

1946 వ సంవత్సరము నవంబరు 8 వ తేదీన ఆమె హాలిఫాక్సునుండి సిడ్నీ యను పట్టణమునకు బయలుదేఱెను. త్రోవలో న్యూగ్లాస్గో యను ఊర కారు చెడిపోయెను. మరమ్మతు మఱునాటికి గాని కాదని చెప్పిరి. ఆమె రాత్రికి బస కుదుర్చుకొని, ప్రొద్దు గడపుటకై రోజ్‌లాండు సినిమాశాలకు పోయెను.

మన దేశపు సినిమాశాలలలో బాల్కనీ అనగా ఎక్కువ వెలగల తరగతి. క్రింద తెరకు దగ్గఱగా నుండునది చౌక తరగతి. అచట దానికి విపరీతము. క్రింది తరగతి టిక్కెట్టు నలువది సెంట్లు. బాల్కనీ ముప్పది సెంట్లు. నల్లవారిని బాల్కనీకే పంపుట ఆ శాలవారి వాడుక. ఆ నియమము ఎక్కడను వ్రాసి తగిలింపబడలేదు. వయోలాకు హ్రస్వదృష్టి, దూరమునుండి తెర సరిగా కనబడదు. ఆమె క్రింది తరగతికి టిక్కెట్టడిగి డబ్బిచ్చి, ఇచ్చిన టిక్కెట్టును చూచుకొనక లోపలికి పోయి క్రింద కూర్చుండెను. ఆమె చేతిలో పెట్టినది బాల్కనీ టిక్కెట్టు.

శాలలోని పనికత్తె వచ్చి, టిక్కెట్టు పై తరగతిదని చెప్పెను. పొరపాటు జరిగినదనుకొని వయోలా తిరిగి టిక్కెట్ల గదికి పోయి, మిగిలిన సొమ్మిచ్చి టిక్కెట్టు మార్పుమని కోరెను. ఆమె జాతివారికి క్రింది టిక్కెట్టు అమ్మరాదని అక్కడి స్త్రీ జవాబిచ్చెను. అప్పుడు గాని వయోలాకు అసలు సంగతి తెలియలేదు. ఆమె వాదులాడలేదు, కేకలు వేయలేదు. లోపలికి పోయి, మొదట కూర్చున్న తావుననే మరల కూర్చుండెను.

శాల మేనేజరు హెన్రీ మక్నీలు వచ్చి లెమ్మనెను. ఆమె లేవలేదు. అతడు పోలీసును పిలిపించెను. ఇద్దఱును కలిసి ఆమెను ఎత్తి వెలుపలికి ఈడ్చుకొనిపోయిరి. ఆ పెనుగులాటలో ఆమె తుంటికి దెబ్బ తగిలెను, కాలిజోడొకటి ఊడిపోయెను, చేతిసంచి జాఱిపడెను. పురుషులైన బందీలు గూడ నుండిన చెఱసాలయందు ఆమెను పండ్రెండు గంటలుంచిరి. ఆ రాత్రియంతయు ఆమె నిదురింపక, చేతుల తెల్లని తొడుగులు తీయక, నిటారుగా కూర్చుండి తెల్లవార్చెను. తన మర్యాదను తానే కాపాడుకొనవలసిన చోటున ఆమె దానిని క్షణమైనను సడలింపలేదు.

విచారణము

మఱునాడు, నవంబరు 9 వ తేదీన, ఆమెను మేజిస్ట్రేటు రోడరిక్ మెకే ఎదుట నిలువబెట్టిరి. ఆమెకు న్యాయవాది లేడు. న్యాయవాదిని పెట్టుకొనవచ్చుననియు, వాయిదా కోరవచ్చుననియు ఆమెకు చెప్పినవారును లేరు.

మోపిన నేరమేమి? తెల్లవారి చోట కూర్చుండుట నేరమని ఏ శాసనమును చెప్పదు గదా! కావున మేనేజరు వినోదశాలల పన్ను శాసనము నాశ్రయించెను. క్రింది తరగతి టిక్కెట్టుపై ప్రభుత్వమునకు చెందు వినోదపు పన్ను మూడు సెంట్లు; బాల్కనీ టిక్కెట్టుపై రెండు సెంట్లు. వయోలా రెండు సెంట్ల పన్ను చెల్లించి, మూడు సెంట్ల పన్నుగల చోట కూర్చుండెను. కాబట్టి రాష్ట్రప్రభుత్వము నామె ఒక్క సెంటు మోసగించినదట! ఆ సెంటుతోగూడ మిగిలిన సొమ్మునెల్ల చెల్లింతునని ఆమె వేడుకొన్నను, పుచ్చుకొనక త్రోసిపుచ్చినవారే ఈ అభియోగమును తెచ్చిరి.

మేజిస్ట్రేటు ఇరువది డాలర్ల జరిమానాయు, మేనేజరు ఖర్చులకై ఆఱు డాలర్లును, మొత్తము ఇరువదియాఱు డాలర్లు విధించెను. చెల్లింపనిచో ముప్పది దినముల ఖైదు. ఆమె సొమ్ము చెల్లించి బయటికి వచ్చెను. విచారణపు కాగితములలో నల్ల, తెల్ల అను మాట ఒక్కచోటను లేదు. వాని మాత్రమే చదివినవారికి, పన్ను ఎగవేసి పట్టుబడిన స్త్రీ యొకతె కనబడును. ఇదియే ఈ కథయందలి విషము. శరీరమునకు తగిలిన దెబ్బ కొన్నాళ్ళకు మానును. ప్రభుత్వపు దస్తరమున కెక్కిన అబద్ధము, దానిని కొట్టివేయువారు లేనంతకాలము, నిజముగానే చెల్లుబాటగును.

సంఘము చేసిన సాయము

హాలిఫాక్సు చేరి ఆమె వైద్యుని చూపించుకొనెను. ఆయన దెబ్బలను పరీక్షించి న్యాయవాదిని చూడుమని సలహా నొసగెను. భర్త జాక్ డెస్మండు న్యూగ్లాస్గోలో పెరిగినవాడు. ఆ ఊరి వాడుకల నెఱిగినవాడు. భగవంతుని ప్రార్థించి ఊరకుండుటయే మేలని అతని యభిప్రాయము. ఆమెకు అది సమ్మతము కాలేదు.

నల్లజాతివారి అభివృద్ధికై నోవా స్కోషియాలో 1945 లో ఒక సంఘము స్థాపింపబడియుండెను. మతబోధకుడైన విలియం ఆలివరును, ఆయన భార్య పెర్లీను ఆలివరును దానికి ఆయువుపట్లు. పెర్లీను ఆలివరు ఈ వ్యవహారమును సంఘమున కెక్కించి, చందాలు పోగుచేయించెను. న్యూగ్లాస్గోలో క్యారీ బెస్టు అను వనిత క్లారియను అను పత్రికను నడపుచుండెను. ఆమెయు 1941 లో అదే సినిమాశాలనుండి గెంటివేయబడి, వ్యాజ్యెము వేసి ఓడిపోయినది. ఆమె తన పత్రికలో ఈ యన్యాయమును మొదటి పుటయందు ప్రకటించి ప్రజలను మేల్కొల్పెను.

సంఘమనగా సంవత్సరమున కొకమాఱు కూడి ఉపన్యాసములు వినుట మాత్రమే కాదని ఈ ఘట్టమువలన తెలియుచున్నది. ఒంటరి స్త్రీ న్యాయస్థానమున కెక్కుటకు వలయు సొమ్ము, మాట సాయము, పత్రికాబలము సంఘమువలననే లభించినవి.

పై న్యాయస్థానము

ఫ్రెడరిక్ బిస్సెట్టు అను న్యాయవాది ఆమె పక్షము వహించెను. మొదట మేనేజరుపైనను సినిమా కంపెనీపైనను నష్టపరిహారమునకై దావా వేసెను. అది విచారణకు రాలేదు. పిదప మేజిస్ట్రేటు తీర్పును కొట్టివేయుమని సెర్షియోరరీ రిట్టు కోరెను. ఆ రిట్టు క్రింది న్యాయాధికారి తన యధికారపు హద్దు మీఱెనా యని చూచుటకే గాని, సాక్ష్యమును మరల తూచుటకు గాదు. సాక్ష్యమును తూచుటకు అప్పీలే మార్గము. అప్పీలునకు గడువు పది దినములు. ఆ పది దినములు అప్పటికే దాటిపోయినవి.

1947 జనవరిలో న్యాయమూర్తి ఆర్చిబాల్డు ఆ రిట్టును త్రోసివేసెను. అప్పీలు చేయవలసినదానికి రిట్టు మాఱుగా చెల్లదని ఆయన నిర్ణయము. పూర్తి ధర్మాసనము నెదుట మరల వాదించినను అదే సంవత్సరము అదే ఫలితము కలిగెను. ఐతే ఆ ధర్మాసనమున న్యాయమూర్తి విలియం హాలు మాత్రము, ఈ వ్యవహారము అప్పీలు రూపమున వచ్చియున్నచో ఆ స్త్రీకి జరిగిన అన్యాయమును సరిదిద్దుటకు వీలుండెడిదని వ్రాసెను. అంతియేకాక, మేనేజరు చూపిన పట్టుదల నిజముగా ఒక్క సెంటు కొఱకేనా, లేక ప్రజలందఱికొఱకు చేసిన శాసనమును చాటుచేసికొని జాతిభేదమును నిలుపుకొనుటకా యని సందేహమును వెలిబుచ్చెను. కథయంతటిలో న్యాయపీఠమునుండి వెలువడిన సత్యవాక్యమదియొక్కటే. కాని అది తీర్పును మార్పలేదు. శిక్ష దస్తరములో నిలిచిపోయెను.

బిస్సెట్టు తన ఫీజు పుచ్చుకొనలేదు. మిగిలిన ఆ సొమ్ము సంఘపు నిధికి చేరి, తరువాతి పోరాటములకు వినియోగపడెను.

అంత్యదశ

ఈ వ్యవహారము వయోలా జీవితమును చెదరగొట్టెను. భార్యాభర్తలు విడిపోయిరి. ఊరూర శాఖలు పెట్టవలెనని ఆమె కన్న కలలు అంతటితో ఆగిపోయినవి. కొంతకాలమునకు ఆమె హాలిఫాక్సులోని వ్యాపారమును మూసివేసి, మాంట్రియల్ పోయి వాణిజ్యవిద్య నభ్యసించెను. అటుపిమ్మట న్యూయార్కు చేరి నివసించెను. 1965 వ సంవత్సరము ఫిబ్రవరి 7 వ తేదీన, ఏబదియవ ఏట, అచటనే కాలధర్మము నొందెను. ఆమెను స్వస్థలమైన హాలిఫాక్సుకు గొనివచ్చి క్యాంపుహిల్లు శ్మశానవాటికయందు పూడ్చిపెట్టిరి. ఆమె మరణించునాటికి ఆమె పేరెత్తువారు అరుదు. శిక్షపత్రము మాత్రము చెక్కుచెదరక దస్తరములో నుండెను.

చెల్లెలి పూనిక

వయోలాకు వాండా రాబ్సను అను చెల్లెలు గలదు. అక్క చెఱసాలకు పోవునాటికి ఆమె పందొమ్మిదేండ్ల యువతి. తమ యింటి ఆడుపడుచు పేరు పత్రికల కెక్కి, ఊరివారి నోళ్ళలో పడినదని ఆమె ఆనాడు సిగ్గుపడెను. ఇది ఆమె తరువాత తానే దాచక యొప్పుకొన్న సంగతి. ఆమెను తప్పుపట్టుటకు మనకు నోరు రాదు. పోలీసు చేయి పడిన ఇంటివారు, నేరము లేదని తెలిసియు, తలవంచుకొని తిరుగుట మనయందు మాత్రము లేదా?

కాలము గడచెను. 1999 లో కాన్‌స్టన్సు బాక్‌హౌసు అను న్యాయశాస్త్రాచార్యురాలు, కెనడాలోని జాతివివక్ష వ్యాజ్యెములను గూర్చి రచించిన గ్రంథమున వయోలా కథను దస్తరములనుండి వెలికితీసి సమగ్రముగా ప్రకటించెను. 2000 లో వాండా రాబ్సను డెబ్బదిమూడేండ్ల వయస్సున కేప్ బ్రెటన్ విశ్వవిద్యాలయ కళాశాలలో చదువనారంభించెను. జాతిసంబంధములను గూర్చి గ్రాహము రెనాల్డ్సు అను ఆచార్యుడు పాఠము చెప్పుచు వయోలా డెస్మండు కథ నెత్తుకొనగా, ఆ తరగతిలోనే ఆమె చెల్లెలు కూర్చుండియుండెను! నాటితో ఆమె సిగ్గు తొలగి, పూనిక మొదలయ్యెను. 2004 లో పట్టము పొందెను. ఊరూర బడులకు పోయి పిల్లలకు అక్క కథ చెప్పెను. న్యూగ్లాస్గో మేయరునకు లేఖ వ్రాసెను. ఆచార్య రెనాల్డ్సు ఆమెకు తోడ్పడెను. విషయము రాష్ట్రప్రభుత్వము వఱకు పోయెను.

కళంకనివారణము

2010 వ సంవత్సరము ఏప్రిలు నెలలో నోవా స్కోషియా ప్రభుత్వము వయోలా డెస్మండునకు ఫ్రీ పార్డను అనబడు పత్రము నొసగెను. దీని స్వరూపమును కొంచెము వివరింపవలెను.

శిక్షపడినవారి చరిత్రమును శుభ్రపఱచుటకు లోకమున పలుమార్గములు గలవు. గడువులోపల అప్పీలు చేసి తీర్పును రద్దు చేయించుకొనుట మొదటిది. శిక్ష అనుభవించి, కొంతకాలము సత్ప్రవర్తనతో మెలగినవారి దస్తరమును మఱుగుపఱచుట రెండవది. రాజు లేక రాజప్రతినిధి దయతలచి శిక్షను మన్నించుట మూడవది. ఈ మూడవదానియందు సామాన్యముగా నేరము నేరముగానే నిలుచును, శిక్షమాత్రము తొలగును. తప్పు చేసితివి, పోనిమ్ము అన్నట్లుండును.

వయోలా చేయని తప్పునకు మన్నింపేల? ఈ ప్రశ్న న్యాయమైనది. నిర్దోషిని క్షమించుట మఱియొక అవమానమే యగును. ఫ్రీ పార్డను అట్టిది కాదు. రాజకరుణాధికారమును బట్టియే అదియు వెలువడునుగాని, దానికి ఆధారము దయ కాదు, నిర్దోషిత్వము. శిక్షింపబడిన వ్యక్తి అసలు నేరమే చేయలేదనియు, తీర్పే పొరపాటనియు అది అంగీకరించును. చట్టము దృష్టిలో ఆ శిక్ష ఎన్నడును పడనట్లే. మరణించినవారికి కెనడాలో ఇట్టి ఫ్రీ పార్డను ఇచ్చుట అదియే మొదటిసారి.

పత్రముపై సంతకము చేసిన లెఫ్టెనెంటు గవర్నరు మేయాన్ ఫ్రాన్సిసు. ఆ పదవి నలంకరించిన మొదటి నల్లజాతి నోవా స్కోషియావాసి ఆమెయే. నల్లనిదను హేతువుచేత ఒక స్త్రీపై పడిన శిక్షను, మఱియొక నల్లజాతి స్త్రీ రాజప్రతినిధిగా కొట్టివేసినది! ఏప్రిలు 15 వ తేదీన హాలిఫాక్సు శాసనసభా భవనమున జరిగిన సభలో రాష్ట్ర ప్రధాని డారెల్ డెక్స్‌టరు, వయోలా కుటుంబమును, నల్లజాతి ప్రజలనెల్లరను క్షమాపణ వేడెను. ఎనుబదిమూడేండ్ల వాండా రాబ్సను అచట ఆసీనురాలై యుండెను. ఇచట క్షమాపణ అడిగినది శిక్షించిన ప్రభుత్వము. క్షమింపవలసినది శిక్షపొందినవారి కుటుంబము. తలక్రిందులైన లెక్క ఆనాటికి సరిపడెను.

అనంతర గౌరవములు

2012 లో కెనడా తపాలాశాఖ ఆమె రూపముతో స్టాంపును వెలువరించెను. 2018 నవంబరు 19 వ తేదీన ఆమె ముఖచిత్రముగల పది డాలర్ల నోటు చెలామణిలోనికి వచ్చెను. నిత్యవ్యవహారమునకై వెలువడు కెనడా నోటుపై, కెనడా దేశపు స్త్రీ యొకతె యొంటిగా ముఖ్యస్థానము నొందుట అదియే ప్రథమము. ఆ నోటుపై ఆమె వెనుక హాలిఫాక్సు పాత పటము ముద్రింపబడినది. అందామె సౌందర్యశాల నడపిన గాటింజెను వీధి గలదు. ఒక్క సెంటు ఎగవేసినదని శిక్షించిన దేశమే తన నాణెపు పరువును ఆమె ముఖమునకు అప్పగించెను. 2021 లో రాష్ట్రప్రభుత్వము ఆనాటి ఇరువదియాఱు డాలర్లను ధరల పెరుగుదలనుబట్టి లెక్కగట్టి, 368 డాలర్ల 29 సెంట్లకు జ్ఞాపకార్థమైన చెక్కును ప్రకటించెను. వాండా రాబ్సను 2022 లో దివంగతురాలయ్యెను. తాను తలపెట్టిన కార్యము నెఱవేఱుటను కన్నులార చూచి పోయినది.

ముగింపు

ఈ చరిత్రమునుండి మన సంఘమువారు గ్రహింపదగినవి కొన్ని గలవు. ఆ మేజిస్ట్రేటు ఎదుట వయోలా ప్రక్కన చట్టమెఱిగిన ఒక్క మనిషి నిలిచియున్నను, ఆ పది దినములలో ఒక్కరు అప్పీలు కాగితము దాఖలు చేసియున్నను, బహుశః అఱువదిమూడేండ్లు వేచియుండవలసిన పని లేకపోయెడిది. కావున మనలో నెవ్వరికైనను నిష్కారణముగా శిక్షపడినచో, సిగ్గుపడి ఇంట దాగుట గాక, ఆ దినముననే సంఘమునకు తెలుపవలెను. సంఘము చట్టమెఱిగినవారిని వెంటనే పిలువవలెను; తీర్పు నకలును, రసీదును, వైద్యుని పత్రమును భద్రపఱుపవలెను. దస్తరములు అబద్ధమును మోసినట్లే, దానిని పట్టియిచ్చు సాక్ష్యమును గూడ మోయుచుండును. వయోలా విషయమున ఆ పాత కాగితములే ఆచార్యురాలి కంటబడి ఆమె నిర్దోషిత్వమును చాటినవి.

సౌందర్యశాలలో ఆమె ఎందఱి తలలనో తీర్చిదిద్దెను. ఎందఱు బాలికలకో తల యెత్తుకొని బ్రతుకు విద్యను నేర్పెను. ఆమె తల వంచవలెనని చేసిన ప్రయత్నము ఆ రాత్రి చెఱసాలయందే విఫలమయ్యెను. 2010 లో తొలగినది ఆమె యందలి కళంకము కాదు. అది ప్రభుత్వపు దస్తరముపై తానే వేసికొన్న కళంకము. ఇట్టి సాధ్వి స్మృతి మన వృత్తికుటుంబములలోని బాలబాలికలకు ధైర్యము నొసగుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.